మునిగోపాల ముద్ర

నా ఉద్యోగం ఏమిటని మా అమ్మ అడిగితే ఇప్పటికీ సరిగ్గా చెప్పలేను. పాటలు కట్టినవాళ్ళు ఎప్పుడు చచ్చిపోయారో చూస్తుంటానని ఒకసారి విసుగులో అనేశాను. "అదేం పాడు పనే జెస్సీ" అని బాపట్ల నుంచి ఫోన్లోనే ప్రార్థన మొదలుపెట్టింది. కానీ ఉన్న మాట అదే. మన దేశంలో పాట కట్టిన మనిషి పోయాక, ఆ ఏడాది ముగిసిన దగ్గర్నుంచి ఇంకో అరవై ఏళ్ళు ఆ పాట మీద కుటుంబానికి హక్కు ఉంటుంది. తర్వాత అది అందరిదీ. పాడుకోవచ్చు, సినిమాలో పెట్టుకోవచ్చు, దానితో సబ్బులైనా అమ్ముకోవచ్చు. యూరప్‌లో వాళ్ళ పాటలకి ఆ లెక్క డెబ్భై దాకా పోతుంది, మన పాటలకి మాత్రం మన అరవైతోనే సరి. అమెరికాలో మన పాత పాటలకి చావుతో పనిలేదు, అచ్చయిన ఏడాది నుంచి తొంభై ఐదేళ్ళు. బెంగళూరు కుందలహళ్ళిలో, సినిమాలకీ ప్రకటనలకీ పాటలు సరఫరా చేసే మా ఆఫీసులో కూర్చుని, ఒక్కో పాట పక్కన ఒక్కో దేశం గడిలో పచ్చ రంగో ఎర్ర రంగో వేయడం నా పని. పచ్చ అంటే తీసుకోవచ్చు. ఎర్ర అంటే ముట్టుకోకూడదు.

డిసెంబరు వచ్చిందంటే మా ఆఫీసులో సందడి. జనవరి ఒకటిన ఎవరెవరి పాటలకి గడువు తీరుతుందా అని అందరూ కాచుకుని ఉంటారు. అమ్మకాలు చూసే కౌశల్ అయితే నా బల్ల చుట్టూ చేతులు రుద్దుకుంటూ తిరుగుతాడు. ఆ మనిషిని చూస్తేనే నాకు ఒళ్ళు మంట.

ఈ జనవరి మొదటి వారంలో ల్యాప్‌టాప్ మోసుకుంటూ వచ్చాడు. "జెస్సీ, నువ్వేసిన పచ్చ రంగు ఎంత పని చేసిందో చూడు. యాడ్ మస్తు వచ్చింది."

పెళ్ళి మండపం. పెళ్ళికొడుకు బుగ్గ నిండా పాన్ మసాలా. పంతులు మంత్రం చెప్పమంటాడు, మామగారు జీతమెంతని అడుగుతాడు. వాడు నోరు తెరవడు. కనుబొమలు ఎగరేసి ఊరుకుంటాడు. వెనకాల వీణ, డ్రమ్ములు, ఒక ఆడగొంతు: "నోరు విప్పకున్న నేమి, నీవు విన్న నాకు చాలు." పొట్లం మీద మాత్రం యాలకులు అని రాసి ఉంది. పొగాకు సరుకుకి ప్రకటన వేయకూడదు కాబట్టి ఆడే ఆ యాలకుల భాగోతం ఎవరికి తెలియదు!

నా చుట్టూ అందరూ పడీపడీ నవ్వారు. నేను మాత్రం ఆ పాట గుర్తుపట్టాను. ప్రతి ఆదివారం చర్చి అయిపోగానే మెట్రో ఎక్కి బసవనగుడి వెళ్ళి, ఛాయాదేవి టీచరమ్మ దగ్గర వీణ నేర్చుకుంటాను. క్లాసు ముగిసే ముందు ఆమె కళ్ళు మూసుకుని పాడే పాట అది. ఆమె గురువు మునిగోపాలప్పగారి పాట. డిసెంబరులో ఆయన పేరు నా ముందుకి వచ్చినప్పుడు, ఆయన పాటలన్నిటికీ కలిపి, ఒక్క అమెరికా గడి తప్ప, ఒక్క దెబ్బకి పచ్చ రంగు వేసేశాను. గురువుగారి పాటలు ఇక అందరూ పాడుకుంటారు, టీచరమ్మ ఎంత సంబరపడుతుందో అనుకున్నాను. ఏడిసినట్టుంది నా తెలివి.

"అమెరికాకి ఎర్ర ఎందుకేసినవ్?" అని కౌశల్ సణుగుడు. "అక్కడ మనోళ్ళు ఎంతమంది ఉన్నరు! 2059 దాకా ఆగాల్నా?"

"పాట అచ్చయింది 1964లో. లెక్క నీకు రాదా? చట్టం నేనేమన్నా రాశానా?" అని గయ్యిమన్నాను. పాపం, వాడికేం తెలుసు, నా కోపం వాడి మీద కాదని.

ఆదివారం దాకా ఆగలేక శనివారమే వెళ్ళాను. పక్కింటివాళ్ళ ఫోన్లో చూసేకంటే నా దగ్గర చూడటమే మేలనిపించింది. ఛాయాదేవి టీచరమ్మకి ఎనభై ఏళ్ళు దగ్గర పడ్డాయి. ఎప్పుడో ముత్తాతల కాలంలో అనంతపురం నుంచి బెంగళూరు వచ్చిన కుటుంబం. పెళ్ళి చేసుకోలేదు. వీణ, పిల్లలు, నోటి దురుసు, ఇంతే ఆమె సంసారం. నా వేళ్ళని చూసి "ఇవేమి వేళ్ళా, ములక్కాయలా?" అని ఎన్నిసార్లు తిట్టిందో లెక్కలేదు.

ప్రకటన రెండుసార్లు చూసింది. "వాని నోట్లో ఏముండాది?" అని అడిగింది.

"పాన్ మసాలా, టీచరమ్మా."

ఫోను బోర్లా పెట్టింది. "ఆయన గొంతు దేంతో పోయిందో తెలుసునా నీకు? పొగాకుతో. తాంబూలంలో పొగాకు లేకుంటే కచేరీకి కూర్చునేవాడు కాదు. ఆఖరి రెండేండ్లు మాట లేదు, పాట లేదు. ఆ మనిషి పేరు మీదుండే పాటకా ఈ గతి? ఆపించు. మీ ఆఫీసే కదా చేసింది."

ఆపించలేనని చెప్పడానికి నాకు సిగ్గేసింది. అయినా చెప్పాను. ఆయన 1965లో పోయారు, హక్కు తీరిపోయింది. పాటని ఇలా పాడు చేశారని వారసులు అడ్డం తిరగవచ్చు, ఆ దారి ఒకటి ఉంది. కానీ ఆయన మనవడు వెంకటరాయప్పగారు ఎప్పుడో సరేనన్నారు. కింద తాతగారి పేరు వేస్తే చాలన్నారట. ప్రస్తుతానికి ఆ ప్రకటన వేయకూడనిది ఒక్క అమెరికాలోనే.

"అమెరికాలోనా?" టీచరమ్మ నా వైపు పిచ్చిదాన్ని చూసినట్టు చూసింది. "ఆడెవురికప్పా తెలుసు ఈ పాట? తెలిసిన ఊర్లో దిక్కు లేదు, తెలియని ఊర్లో కాపలానా? బాగుండాది మీ చట్టం."

ఆ తర్వాత వీణ తీగల మీద ధూళి తుడుస్తూ, చాలా మామూలుగా అడిగింది. "కట్టినోళ్ళు బతికుంటే?"

"బతికుంటే వాళ్ళ మాట కాదని ఎవరూ ముట్టుకోలేరు. ఏ దేశంలోనూ. కానీ ఆయన..."

"ఆయన కట్టలేదు. నేను కట్టినాను."

నేను నమ్మలేదు. చివరి చరణంలో "మునిగోపాల" అని స్పష్టంగా ఉంది కదా. కట్టినవాళ్ళు తమ పేరుని అలా చివర్లో పొదుగుతారు, దాన్నే ముద్ర అంటారని నాకు నేర్పిందే ఆమె.

"గురువు బతికుండంగా శిష్యురాలు తన ముద్ర పెట్టుకుంటుందా? మాలో అట్ల లేదు," అంది. "ఎవురు కట్టినా గురువు పేరే. అప్పుడు నాకు పద్దెనిమిదేండ్లు. ఆయన గొంతు పోయినాక దినామూ ఎదురుగ్గా కూర్చొని పాడేదాన్ని. ఆయన వింటూ ఉండేవాడు. తప్పు వస్తే చిటిక వేసేవాడు, అంతే. నువ్వు నోరు విప్పకున్నా పర్వాలేదు, నువ్వు వింటే నాకు చాలు అని ఆయన కోసమే కట్టినాను. సభలో పాడితే జనం లేచి చప్పట్లు కొట్టినారు. ఆయన ముందు వరసలో ఉన్నాడు. చెయ్యి ఇట్ల ఊపినాడు, కాదు కాదు అని. ఎంత వినయమప్పా అనుకొని జనం ఇంకా జాస్తి కొట్టినారు. నాది కాదని చెప్పేకి ఆయనకి గొంతు లేదు. గొంతు ఉండే నేను చెప్పలేదు."

"ఎందుకు చెప్పలేదు టీచరమ్మా?"

"ఎందుకు చెప్పాల? ఆయనకి ఇచ్చినాను. ఇచ్చినదాన్ని నాదే అని అరుస్తారా ఎవురన్నా?"

ఆ ఏడాదే శిష్యులు గురువుగారి పాటలన్నీ చిన్న పుస్తకంగా వేశారు. ఈ పాట కూడా ఆయన పేరు మీదే అచ్చులోకి వెళ్ళింది. అప్పటి వాళ్ళలో ఇప్పుడు మిగిలింది ఛాయాదేవి ఒక్కతే. సాక్ష్యం చెప్పే నాథుడు లేడు.

సోమవారం మా ఆఫీసులో చట్టం వ్యవహారాలు చూసే ఓంకార్‌గారి దగ్గర కూర్చున్నాను. పెద్దాయన, నిదానస్తుడు. అంతా విని నుదురు రుద్దుకున్నారు. "అచ్చులో పేరు ఎవరిదో పాట వాళ్ళదేనని చట్టం ముందుగా అనుకుంటుందమ్మా. కాదంటే ఈవిడే నిరూపించుకోవాలి. కోర్టుకి పోతే గెలుస్తుందో లేదో చెప్పలేను. కానీ తగాదా ఉన్న పాటని ఏ కంపెనీ ముట్టుకోదు. ఇది నేను కట్టిన పాట అని ఆవిడ ఒక్క సంతకం పెట్టి ఇవ్వమను, యాడ్ తీయించే పూచీ నాది."

ఒక్క సంతకం. ఇంత తేలికా అని నేను ఎగిరి గంతేసినంత పని చేశాను. టీచరమ్మ ఎగరలేదు. "ముందు వెంకటరాయప్పకి చెప్పాల. వాళ్ళ తాత పేరు తీస్తా ఉన్నాను. చెప్పకుండా తీస్తే దొంగతనమైతాది," అంది.

వెంకటరాయప్పకి చామరాజపేటలో పైపులు, కొళాయిలు అమ్మే అంగడి ఉంది. తాత పేరు మీద ఏటా ఆరాధన జరిపేది ఆయనే, తన చేతి డబ్బుతో. మమ్మల్ని చూడగానే గల్లా పెట్టె దగ్గర్నుంచి లేచి వచ్చాడు. "రా అత్తా, రా. టీవీలో చూసినావా? తాత పేరు ఎంత పెద్ద అక్షరాల్లో వేసినారో!" కాఫీ తెప్పించాడు. టీచరమ్మ కాఫీ ముట్టకుండానే విషయం చెప్పేసింది. నాన్చడం ఆమెకి చేతకాదు.

ఆయన మొహం చూస్తుండగానే నల్లబడింది. "ఇన్నేండ్లకి గుర్తొచ్చిందా అత్తా?"

"ఎప్పుడూ గుర్తుండాది. చెప్పే అవసరం రాలేదప్పా."

"తాత యాభై పాటలు కట్టినాడు. ఒగటన్నా ఎవురన్నా పాడతారా? ఈ ఒక్క పాట వల్లే జనానికి ఆయన తెలుసు. దీన్ని తీసేస్తే తాతకి ఇంకేముండాది? నువ్వే చెప్పు." తన కాఫీ గ్లాసు పక్కకి నెట్టాడు. "ప్రకటన ఎన్ని దినాలుంటుంది? నాలుగు నెలలు ఆడి పోతాది. పేరు పోతే మళ్ళీ వస్తాదా?"

టీచరమ్మ తల వంచుకుంది. ఆమె అలా తల వంచుకోవడం నేనెప్పుడూ చూడలేదు. ఆయన అంతటితో ఊరుకున్నా బాగుండేది. "అంత నీదే అయితే ఇంకొకటేదీ? అరవై ఏండ్లలో ఇంకొక పాట కట్టినావా నువ్వు?" అన్నాడు.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. "తాతని పొగాకు మింగేస్తే, ఆయన పాటతో పొట్లాలు అమ్ముకోమని ఒప్పుకున్నారు, బ్రహ్మాండమైన మనవడండీ మీరు!" అని లేచాను. అంగట్లో కొళాయి కొనుక్కునే మనిషి కూడా తిరిగి చూశాడు. టీచరమ్మ నా చెయ్యి గుంజి కూర్చోబెట్టింది.

"కట్టలేదప్పా," అంది ఆయనతో. "వినేవాడు పోయినాడు. ఎవురికి కట్టాల?"

తిరుగు దారిలో ఆటోలో ఆమె ఒక్కమాటే అంది. "వాడన్నది అబద్ధం కాదే జెస్సీ." సంతకం పెట్టదనుకున్నాను. నిజం చెప్పొద్దూ, ఆమెని బలవంతపెట్టే ధైర్యం నాక్కూడా లేకపోయింది.

మనసు మార్చింది ఆమె దగ్గర నేర్చుకునే పిల్లలు. మరుసటి ఆదివారం నేను అక్కడే ఉన్నాను. ఏడెనిమిది మంది ఆడపిల్లలు చాప మీద కూర్చుని పాడుతున్నారు. "నోరు విప్పకున్న నేమి" దగ్గరికి రాగానే సహన అనే పిల్ల బుగ్గ పూరించి కనుబొమలు ఎగరేసింది. అంతే, ఒకటే నవ్వులు. టీచరమ్మ కసిరింది. మళ్ళీ మొదలుపెట్టించింది. మళ్ళీ అక్కడికి రాగానే నవ్వు ఆపుకోలేక పిల్లలు ఒకరి మీద ఒకరు పడ్డారు. వాళ్ళ తప్పేముంది? ఆ పాట వాళ్ళకి ఇక జన్మలో ఇంకోలా వినబడదు. మూడోసారి ఆమె పాడించలేదు. వీణ పక్కన పెట్టి, "పదవే, సంతకం యాడ పెట్టాలో చూపించు," అంది.

మర్నాడు ఆఫీసులో ఓంకార్‌గారు తెలుగులోనే రాయించి తెచ్చారు. ఈ పాట నేను కట్టినది, మునిగోపాలప్పగారు కట్టినది కాదు. టీచరమ్మ రెండో ముక్క దగ్గర ఆగిపోయింది. "కాదు అని రాయకుంటే అయ్యేదిలేదా? ఆయన పేరు గూడా పక్కన ఉంచేకి కాదా?"

"ఆయన ఒక్క మాటైనా, ఒక్క స్వరమైనా కట్టారామ్మా ఇందులో?"

"లేదు."

"అలాంటప్పుడు ఉన్నదున్నట్టే రాయాలి. సగం నిజం రాస్తే మొత్తం అబద్ధమంటారు."

పెట్టింది. చేత్తో కళ్ళు తుడుచుకుంది. ఓంకార్‌గారు అన్నమాట నిలబెట్టుకున్నారు, వారం తిరక్కుండా ప్రకటన ఆగిపోయింది. కౌశల్ నాతో మాట్లాడటం మానేశాడు, పీడా పోయింది. నేను పట్టికలో ఆ పాట ఉన్న వరస తెరిచి అన్ని దేశాల గడుల్లోనూ ఎర్ర రంగు వేశాను. కట్టినవారు: ఛాయాదేవి. జీవించి ఉన్నారు. అది టైపు చేస్తుంటే నాకు ఎంత గర్వంగా అనిపించిందో! యుద్ధం గెలిచి వచ్చినట్టు ఆ సాయంత్రం మైసూరు పాకు కొనుక్కుని ఆమె ఇంటికి వెళ్ళి, "పాట నిలిచింది టీచరమ్మా" అన్నాను. ఆమె ఒక్క ముక్క నోట్లో వేసుకుని, మిగతాది పిల్లలకి పెట్టింది.

కానీ పిల్లలు తగ్గిపోతున్నారు. గురువు పాటని తనదని రాసుకున్న మనిషి అని గాంధీ బజారు దాకా పాకింది. సహన వాళ్ళమ్మ ఫోన్ చేసి పరీక్షలున్నాయంది. ఇంకో తల్లి మొహం మీదే అడిగేసిందట, ఆ పాట పాడితే మా పాప మీద కేసు వేస్తారా అని. అది చెప్పి టీచరమ్మ నవ్వింది. నాకు మాత్రం నవ్వు రాలేదు.

ఫిబ్రవరిలో ఆరాధన వచ్చింది. ఏటా చివర్లో ఆమె ఆ పాట పాడటం, జనమంతా లేచి నిలబడటం ఆనవాయితీ. వెంకటరాయప్ప ముందురోజు ఫోన్ చేశాడు. తిట్టలేదు. "నువ్వు రా అత్తా, ముందు వరసలో కూర్చో. పాట మాత్రం వద్దు. అది నీదంటివి కదా. తాత ఆరాధనలో తాత పాటలే ఉండాల." ఇందులో తప్పు పట్టడానికి ఏముంది? ఆమె సరేనంది.

నేనూ వెళ్ళాను. గురువుగారి పాటలు ఒక్కొక్కటే పాడారు. ఎవరికీ రావు. పాడేవాళ్ళే ఫోన్లలో చూసి పాడుతున్నారు. జనం ఆవలించడం, వాచీలు చూసుకోవడం. చివరి పాట సగంలో ఉండగానే ప్రసాదం వరసలోకి కుర్చీలు ఖాళీ అయ్యాయి. మా వెనక కూర్చున్న ఒకావిడ పక్కామెని అడిగింది, "ఆ పాట లేదా ఈసారి? దానికోసమే వచ్చినాను."

"అది ఆయనది కాదంట. ఎవురో ముసలామె కేసేసిందంట. పాడకూడదంట."

"అయ్యో, ఇంకేముండాది వినేకి," అని ఆమె కూడా లేచి వెళ్ళింది.

టీచరమ్మ వినలేదేమోనని ఆశపడ్డాను. బయటికి వచ్చి ఫుట్‌పాత్ మీద ఆటో కోసం నిలబడ్డాం. "నేను పోయినాక ఎన్నేండ్లు అంటివి?" అని అడిగింది.

"అరవై."

"అంతవరకూ ఎవురూ పాడరా?"

"అదేంటి టీచరమ్మా, మీరు ఒప్పుకుంటే ఎవరైనా పాడుకోవచ్చు."

"నేను ఒప్పుకుంటాను. అడిగేవాళ్ళేరీ?" ఆగి, "అందరూ పాడుకోండి, నాకేమీ హక్కు వద్దు అని రాసిస్తే? అట్ల రాసిచ్చేకి ఉండాదా చట్టంలో?"

ఉంది. హక్కు వదిలేసుకుంటున్నానని ప్రభుత్వానికి తెలియజేయవచ్చు. చెప్పకుండా దాచిపెడదామనుకున్నాను గానీ, ఆమెకి అబద్ధం చెప్పలేను. "ఉంది. కానీ అందరిదీ అంటే ఆ పాన్ మసాలా వాళ్ళది కూడా. మళ్ళీ వేస్తారు. ఆపాలంటే మీరు కోర్టుల చుట్టూ తిరగాలి, ఈ వయసులో."

ఆమె తల ఊపింది. లోపల హాల్లో మైకు పెట్టి దాతల పేర్లు చదువుతున్నారు. టీచరమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది, అయినా ఏడుపు ఆగలేదు. నడి రోడ్డు మీద, వచ్చేపోయే జనం చూస్తుండగా ఏడ్చింది.

"ఆయనకి ఇచ్చింది వెనక్కి గుంజుకున్నానే జెస్సీ. పాట కోసమే గుంజుకున్నాను. పాట నిలిచింది అంటివి కదా. యాడుండాది? చూపించు, యాడుండాది?"

ఆటో వచ్చి ఆగింది. ఆమెని పట్టుకుని ఎక్కించి, పక్కన కూర్చుని నేనూ ఏడ్చాను.